ఇంజన్ డ్రైవరు కాలేదు, ఇప్పుడేం చెయ్యాలి?

"పెద్దయ్యాక ఏమవుతావ్?" అంటే చిన్నప్పుడు చెప్పిన జవాబుకీ, చివరికి చేసిన ఉద్యోగానికీ పొంతన లేనివాళ్లు మన పాఠకుల్లో చాలామందే ఉన్నట్టున్నారు. ఈసారి అలాంటి మూడు ఉత్తరాలు.

ప్రశ్న: రైల్వే క్వార్టర్స్ పక్కన పెరిగాను. ఇంజన్ డ్రైవర్ని కావాలని ఉండేది. బ్యాంకులో చేరాను, మొన్నే రిటైరయ్యాను. మేడమీద పదికి పన్నెండు అడుగుల గది ఖాళీగా ఉంది. అందులో మన రైళ్ల నమూనాలు నడపాలని కోరిక. ఎక్కడ మొదలెట్టాలి?
– ఓ పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ముందు ఒక సంగతి తేల్చుకోండి. అప్పట్లో మీ మనసు రైలు తోలడం మీద ఉండేదా, పోతున్న రైలుని చూడడం మీదా?

తోలడమే అయితే గది అక్కర్లేదు. కంప్యూటర్లో రైలు సిమ్యులేటర్ పెట్టుకోండి. డ్రైవరు పనితనమంతా బ్రేకు దగ్గరే తెలుస్తుంది. మన ఇంజన్లలో ఎ-9 హ్యాండిల్ మొత్తం బండికి, ఎస్ఎ-9 ఇంజనుకి మాత్రమే బ్రేకు వేస్తాయి. బ్రేకు పైపులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 5 కిలోలుంటే బ్రేకులు వదిలినట్టు, తగ్గిస్తే పడతాయి. మొదట అర కిలో తగ్గించి, బండి ఎలా లొంగుతోందో చూసి, ఆపైన తగ్గించాలి. కొత్తవాళ్లు ఒకేసారి గట్టిగా వేసేసి, బండి ముందే ఆగిపోయేలా ఉందని వదిలేసి, వెంటనే మళ్లీ వేస్తారు. పెట్టెల కింద బ్రేకు గాలి నిలవుండే రిజర్వాయర్లు ఇంకా నిండకపోవడంతో రెండోసారి బ్రేకు సరిగ్గా పట్టదు. బండి ప్లాట్‌ఫారం దాటిపోతుంది.

చూడడమే ఇష్టమైతే మీ గది బంగారం. హెచ్‌ఓ స్కేలు తీసుకోండి. అంటే అసలులో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. మన ఇంజన్ల నమూనాలు ఎక్కువగా దొరికేది ఇందులోనే. అసలు బ్రాడ్‌గేజీ 1676 మిల్లీమీటర్లు కాబట్టి లెక్క ప్రకారం 19 దాటాలి. ఆ తేడా కంటికి ఆనదు, పట్టించుకోకండి.

ఎనిమిదికి నాలుగు అడుగుల, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒకటి చాలు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కొత్తవాళ్ల కోసం అమ్మే స్టార్టర్ సెట్లలో వచ్చే వంపు పట్టాల వ్యాసార్ధం తరచూ 36 సెంటీమీటర్లే ఉంటుంది. ఈ స్కేలులో ఎల్‌హెచ్‌బీ (మన రైళ్లలో ఇప్పుడు వాడే కొత్తరకం) పెట్టె పొడవే దాదాపు 27 సెంటీమీటర్లు. అంత ఇరుకు మలుపులో పెట్టెల మూలలు రాసుకుని బండి పట్టాలు తప్పుతుంది. 56 సెంటీమీటర్ల వ్యాసార్ధం పెట్టండి. నాలుగడుగుల వెడల్పులో సరిగ్గా పడుతుంది. అలా పెడితే తిన్నని భాగం నాలుగడుగులే మిగులుతుంది. ఇంజనూ మూడు పెట్టెలతో సరిపెట్టుకోవాలి. 24 పెట్టెల బండి కావాలంటే ఆరున్నర మీటర్లు పైన పడుతుంది, గోడలో కన్నం పెట్టాల్సిందే.

మన ఊరి తేమకి ప్లైవుడ్ వానాకాలంలో వంగుతుంది. వాటర్‌ప్రూఫ్ రకం కొని, రెండువైపులా, ముఖ్యంగా అంచులకి, ప్రైమర్ కొట్టించండి. కింద ఒకటిన్నర అడుగుకొక చెక్క బద్ద ఉండాలి. డిసెంబరులో పట్టాలు బిగుతుగా కలిపి వేస్తే మే నెలకి ఉబ్బి లేస్తాయి. మీటరుకొక అతుకు దగ్గర అర మిల్లీమీటరు ఖాళీ వదలండి. అతుకు క్లిప్పుల మీదే కరెంటు భారం పెట్టకండి. అవి కొన్నాళ్లకి నల్లబడతాయి, బండి అవతలివైపుకి వెళ్లేసరికి నీరసపడుతుంది. మూడడుగులకొక చోట రెండు పట్టాలకీ వైరు టంకం వేయించండి. బండిని వెనక్కి తిప్పే లూపు జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ఎడమ పట్టా తిరిగొచ్చి కుడి పట్టాని తాకి షార్ట్ అవుతుంది.

పట్టాలు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలుగుడ్డ చాలు. గరుకు కాగితం వాడితే గీతలు పడి ఆ గీతల్లోనే మురికి చేరుతుంది. గేర్లకి ప్లాస్టిక్‌ని తినని నూనె ఒక్క బొట్టు వెయ్యండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పోశారో, చలికాలం తెల్లవారుజామున ఇంజను కదలదు.

ప్రశ్న: రేడియోలో వార్తలు చదవాలని చిన్నప్పటి కోరిక. ఇప్పుడు పిల్లల కోసం కథలు చదివి రికార్డు చేస్తున్నాను. బావిలోంచి మాట్లాడినట్టు వస్తోంది. "ప", "భ" దగ్గర ఠప్‌మని కొడుతోంది. మంచి మైకు కొనమంటారా?
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఇప్పుడే వద్దు. తప్పు మైకుది కాదమ్మా, గదిది. కింద గ్రానైటు, చుట్టూ నున్నటి గోడలు ఉంటే ఎంత ఖరీదైన మైకయినా అదే బావి. పరుపూ బట్టల బీరువా ఉన్న పడగ్గదిలో కూర్చోండి. బీరువా తలుపులు తీసి పెట్టండి. ఒక బొంతని మీ వీపు వెనక వేలాడదీయండి. మైకు మీవైపు చూస్తుంది కాబట్టి మీ వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దమే దానికి ఎక్కువ వినిపిస్తుంది. అందరూ మైకు వెనకాల దుప్పటి కట్టి ఊరుకుంటారు.

నోటికీ మైకుకీ మధ్య జానెడు దూరం ఉండాలి. మైకుని నోటికి ఎదురుగా కాక కాస్త పక్కకి పెట్టండి. "ప, ఫ, బ, భ" పలికినప్పుడు వచ్చే గాలి దాని పక్కనుంచి పోతుంది. ఫోన్‌లో వేవ్ ఫైలుగా (శబ్దాన్ని కుదించకుండా దాచేది), మోనోలో (ఒకే ఛానల్‌లో) రికార్డు చెయ్యండి. గొంతు బాగా పెంచినచోట కూడా రికార్డింగు మీటరులో శబ్దం లెవెల్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. సున్నాకి తగిలితే పగిలిన శబ్దాన్ని తర్వాత అతికించలేం.

ఫ్యాన్ ఆపాలి. గుంటూరు మే నెలలో ఈ మాట చెప్పడం పాపమే, అందుకే తెల్లవారుజామున నాలుగున్నరకి కూర్చోండి. మొదలెట్టే ముందు పది సెకన్లు ఊరికే గది నిశ్శబ్దాన్ని రికార్డు చెయ్యండి. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ముక్కని చూపించి మిగతా రొద తగ్గించొచ్చు. 6 నుంచి 9 డెసిబెల్స్‌తో ఆగండి, ఇంకా తగ్గిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది.

తప్పు చదివితే ఆ మాట ఒక్కటే మళ్లీ చదవకండి. వాక్యం మొదటికి వెళ్లండి. విడి మాటకి స్వరం వేరుగా ఉంటుంది, అతుకు తెలిసిపోతుంది. ఆ చోట ఒకసారి చప్పట్లు కొడితే ఎడిటింగులో నిటారు గీతలా కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త: బయట పెట్టాలనుకుంటే ఇంకొకరి కథకి అనుమతి కావాలి. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్లదాకా హక్కులుంటాయి. అమ్మమ్మలు చెప్పే కథల్ని మీ మాటల్లో చెప్పుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు.

ప్రశ్న: అంతరిక్ష శాస్త్రవేత్త అవుదామనుకుని బట్టల కొట్లో గుమాస్తానయ్యాను. ఆన్‌లైన్‌లో 675 రెట్లు పెద్దగా చూపే టెలిస్కోపు చవగ్గా ఉంది. కొననా?
– ఓ పాఠకుడు, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: వద్దు. ఎన్ని రెట్లు పెద్దగా చూపగలదన్నదానికి పనికొచ్చే గరిష్ఠం, ముందు అద్దం వ్యాసానికి, మిల్లీమీటర్లలో, రెట్టింపు. 70 మిల్లీమీటర్ల గొట్టంలో 140 రెట్లు దాటితే కనిపించేది మసకే. ముందు 10×50 బైనాక్యులర్ (పది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దాలు 50 మిల్లీమీటర్లు) కొనండి. చంద్రుడి గుంటలు, కృత్తికలు, చెయ్యి వణక్కుండా గోడకి ఆనిస్తే గురుడి చందమామలు కూడా దొరుకుతాయి. సూర్యుడివైపు మాత్రం పొరపాటున కూడా తిప్పొద్దు.

డాబా స్లాబు రాత్రి పదింటిదాకా వేడి కక్కుతుంది, ఆ వేడిగాలికి బొమ్మ ఊగుతుంది. ఆలస్యంగా ఎక్కండి. మనకో అదృష్టముంది, విజయవాడ 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఢిల్లీవాళ్లకి నేలకి ఆనుకుని ఉండే త్రిశంకు (ఇంగ్లీషులో సదరన్ క్రాస్ అనే నక్షత్రాల గుంపు) మనకి మే మొదటివారంలో రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో దక్షిణాన, చాచిన చేతి పిడికిలిన్నరకి కాస్త తక్కువ ఎత్తులో నిలబడుతుంది. దక్షిణం వైపు అపార్టుమెంట్లు లేని డాబా చూసుకోండి.

వాడాక లెన్సుని పంచె కొంగుతో తుడవకండి. తేమకి బూజు పడితే పోదు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి.