ఎంట్రోపీ పాఠానికి ఐసు ముక్క తెప్పించు

అమ్మలూ,

వచ్చే వారం ఇంటర్ మొదటి ఏడాది పిల్లలకి ఉష్ణగతిక శాస్త్రం మొదలెడుతున్నానని, ఎంట్రోపీ తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉందని రాశావు. “ఎంట్రోపీ అంటే గందరగోళం” అని మాత్రం ఎత్తుకోకు. బోర్డు మీద చిందరవందర గది బొమ్మ గీశావా, ఇక ఏడాదంతా పిల్లల బుర్రలో ఆ గదే ఉండిపోతుంది. లెక్కకి చోటుండదు.

1865లో ఎంట్రోపీ అని పేరు పెట్టిన భౌతిక శాస్త్రవేత్త క్లాసియస్ వేడిని పరమ ఉష్ణోగ్రతతో (సెల్సియస్ డిగ్రీలకి 273 కలిపితే వచ్చే కెల్విన్లతో) భాగించాడు, అంతే. నువ్వూ అక్కడే మొదలెట్టు. కిలో ఐసు తెప్పించి బల్ల మీద పెట్టు. అది సున్నా డిగ్రీల దగ్గర పూర్తిగా కరగాలంటే సుమారు 3,34,000 జౌళ్ళ వేడి కావాలి. ఐసు దాన్ని 273 కెల్విన్ల దగ్గర పుచ్చుకుంటుంది. భాగిస్తే 1,223. ఐసుకి పెరిగిన ఎంట్రోపీ అదే. గది 30 డిగ్రీలుంటే, అదే వేడిని 303 దగ్గర ఇస్తుంది. అది 1,102. ఐసుకి వచ్చింది, గదికి పోయినదానికన్నా 121 ఎక్కువ. భాగహారాలు పిల్లల చేతే చేయించు.

తర్వాత తిరగేసి అడుగు: ఆ నీళ్ళు వాటంతటవే గడ్డకట్టి, వేడిని గదికి తిరిగి ఇచ్చేస్తే? జౌళ్ళ లెక్క సరిపోయింది కాబట్టి శక్తి పుట్టదు, నశించదు అనే మొదటి నియమానికి అభ్యంతరం లేదు. కానీ మైనస్ 121 వస్తుంది. మొత్తం ఎంట్రోపీ తగ్గదనే రెండో నియమం కాదనేది దాన్నే. పీరియడ్ మొత్తం ఇక్కడే అయిపోయినా ఫరవాలేదు.

ఇంకోటి. నేను కొత్తగా చేరినప్పుడు ఇదే రెండో నియమాన్ని “వేడి దానంతటదే చల్లటి దాన్నుంచి వేడి దానికి పోదు” అని రాసి ఇటు తిరిగానో లేదో, వెనక బెంచీ పిల్లాడు “మరి కుండలో నీళ్ళు గదికన్నా ఎలా చల్లబడతాయి సార్?” అన్నాడు. నోట మాట రాలేదు. రేపు చెప్తానని తప్పించుకున్నాను. జవాబు కుండ మీది చెమ్మలో ఉంది. అది ఆవిరైపోతూ లోపలి నీళ్ళ వేడిని తీసుకుపోతుంది. నీళ్ళ ఎంట్రోపీ తగ్గినా, ఆవిరిది అంతకు మించి పెరుగుతుంది. నియమం మొత్తం లెక్కకే కానీ ఒక్క కుండకి కాదు. అదీ గాలి పొడిగా ఉన్నప్పుడే. ఉక్కపోత రోజున కుండ నీళ్ళు చల్లబడవని మీ నాయనమ్మకీ తెలుసు.

వియన్నాలో భౌతిక శాస్త్రవేత్త బోల్ట్జ్‌మన్ సమాధి మీద చెక్కిన ఎంట్రోపీ సూత్రాన్ని చివరి రోజుకి అట్టేపెట్టు. అప్పుడైనా గందరగోళం అనకు. “అణువులు ఎన్ని రకాలుగా అమరొచ్చు” అను.

ఐసు కింద పళ్ళెం పెట్టు. నేను మర్చిపోయి అటెండర్ చేత చివాట్లు తిన్నాను.

మీ పెదనాన్న