బొగ్గు వ్యాగన్ బొమ్మకి బరువెంత ఉండాలి?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఇద్దరం కలిసి ప్లాస్టిక్ షీటుతో హెచ్ఓ స్కేల్లో, అంటే 87వ వంతు సైజులో, ఆరు బాక్స్ఎన్ బొగ్గు వ్యాగన్లు చేశాం. లోపల థర్మకోల్ పెట్టి నల్ల రంగు వేశాం. కొలతలన్నీ సరిపోయాయి. అయినా నిజం వ్యాగన్ల కళ రాలేదు. పైగా వంపు దగ్గర పట్టాలు తప్పుతున్నాయి. తప్పెక్కడుంది?
– ఒక పాఠకుడు, కొత్తగూడెం

జవాబు: మీరు పంపిన ఫోటో చూశాను. పక్క గోడల మీద నిలువు బద్దీలు ఎంత ఓపిగ్గా అతికించారో! బాబుకి నా అభినందనలు చెప్పండి. కొలతల్లో తప్పేమీ లేదు. తప్పంతా బరువులోనూ, బొగ్గులోనూ ఉంది.

ముందు బరువు సంగతి. అసలు బాక్స్ఎన్ ఖాళీగా 22.47 టన్నులు తూగుతుంది. డిజైన్ ప్రకారం నిండితే 81.28 టన్నులు. పొడవు 87 వంతులు తగ్గింది కదా అని బరువునీ 87తోనే భాగిస్తే లెక్క తప్పుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గాయి కాబట్టి 87తో మూడుసార్లు భాగించాలి. ఆ లెక్క బాబు చేతే చేయించండి. నిండు వ్యాగన్ 123 గ్రాములు వస్తుంది, ఖాళీది 34 గ్రాములే. మీ వ్యాగన్లను వంటింటి కాటా మీద పెట్టి చూడండి. థర్మకోల్ లోడుతో ఒక్కొక్కటి ముప్పై, నలభై గ్రాములు మించదని నా అంచనా. అంటే చూడ్డానికి నిండుగా ఉన్నా, పట్టాల మీద అవి ఖాళీ వ్యాగన్లే. నిజం రైల్లోనూ ఖాళీ వ్యాగన్‌కి చక్రం మీద బరువు తక్కువ కాబట్టి పట్టా ఎక్కే ప్రమాదం ఎక్కువ.

అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ వాళ్లు దీనికో కొలత పెట్టారు. హెచ్ఓ బండికి మొదట ఒక ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు. మీ వ్యాగన్ 123 మిల్లీమీటర్లు కాబట్టి 97 గ్రాముల దగ్గర తేలుతుంది. థర్మకోల్ తీసేసి అడుగున ఇనప నట్లు పరిచి అతికించండి. బరువు రెండు బోగీల మీదా, అంటే వ్యాగన్ కింద రెండు చివర్లా చక్రాలుండే చట్రాల మీద, సమానంగా పడాలి. నా మొదటి వ్యాగన్లో నట్లన్నీ ఒక వైపే పోశాను. వారం రోజులు చక్రాలు మార్చుకుంటూ కూర్చున్నాను గానీ అసలు కారణం తట్టలేదు.

ఇక బొగ్గు. రంగుతో ఆ కళ రాదండీ, నిజం బొగ్గే వాడాలి. ఇస్త్రీ బండి దగ్గర దొరికేది కట్టెల బొగ్గు, అది పనికిరాదు. మనకు కావలసింది రాక్షసి బొగ్గు. మీ ఊళ్లో కొలిమి ఉంటే గుప్పెడు అడగండి, చాలు. బొగ్గు వ్యాగన్లు నింపే పక్కలైను, అంటే సైడింగులోకి మాత్రం వెళ్లొద్దు. వ్యాగన్ ఎక్కే ఆలోచన అసలే వద్దు, పైన తీగలో 25,000 వోల్టులుంటాయి. తెచ్చిన బొగ్గును గుడ్డలో మూటకట్టి సుత్తితో నలగ్గొట్టి జల్లించండి. పది సెంటీమీటర్ల బొగ్గు పెళ్ల ఈ స్కేల్లో మిల్లీమీటరు పైచిలుకు ఉంటుంది, అంటే బొంబాయి రవ్వ పలుకంత. అంతకన్నా పెద్దవి వేస్తే లారీ టైరంత బండరాళ్లలా కనబడతాయి. నట్ల మీద అట్టముక్క పరిచి, దానిపై బొగ్గు పోసి, ఫెవికాల్‌కి రెండింతలు నీళ్లు కలిపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి డ్రాపర్‌తో వదలండి. ఆ చుక్క పడకపోతే నీళ్లు బొగ్గులోకి దిగవు, పైనే పూసల్లా నిలబడతాయి.

పోసే తీరు కూడా ముఖ్యం. మీ ఊరి స్టేషన్, అదే భద్రాచలం రోడ్, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీద నుంచి డోర్నకల్ వైపు వెళ్లే రేకును, అంటే వ్యాగన్ల వరుసను, ఒకసారి చూడండి. సైలో, అంటే పై నుంచి బొగ్గు వదిలే పెద్ద గిడ్డంగి, కింద నింపిన వ్యాగన్లో బొగ్గు పొడుగునా ఒకే గట్టులా ఉంటుంది. లోడర్‌తో పోసినదైతే బకెట్ పడిన చోటల్లా ఒక కుప్ప, మధ్యలో పల్లం. ఆరు వ్యాగన్లూ ఒకే అచ్చులో పోసినట్టు చేయకండి.

ముప్పై ఏళ్ల పైచిలుకు నేను క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో పనిచేశాను. బండి ఆగగానే సుత్తి, టార్చి పట్టుకుని రేకు పొడుగునా నడవడం, చక్రాల ఇరుసు చివర ఉండే ప్రతి యాక్సిల్ బాక్సు మీదా చెయ్యి వెనకభాగం ఆనించి వేడెక్కిందేమో చూడడం, ఇదే పని. అందుకే నా కళ్లకి వ్యాగన్ ఎప్పుడూ నల్లగా కనబడదు. బయట ఇటుక రంగు వెలిసి ఉంటుంది. తలుపుల సందుల కింద వాన నీళ్లతో కారిన నల్ల చారలుంటాయి. లోపలి గోడలు బొగ్గు రాసుకుని రాసుకుని ఒక చోట తుప్పు, ఒక చోట మెరుపు. పక్కన మేం సుద్దముక్కతో రాసిన రాతలు, సిక్ వ్యాగనైతే, అంటే మరమ్మతుకి పంపాల్సినదైతే, దాని గుర్తు. మీ వ్యాగన్ మీద తెల్ల పెన్సిల్‌తో ఒక్క సుద్దగీత గీసి చూడండి. ఇంకో మాట బాబుకి చెప్పండి: వ్యాగన్ మీద ఉండే 11 అంకెల నంబరులో 5, 6 అంకెలు అది తయారైన సంవత్సరం.

ప్రశ్న: పాత బాక్స్ వ్యాగన్ల కన్నా బాక్స్ఎన్ ఎందుకు పొట్టిగా ఉంటుంది?
– ఒక పాఠకురాలు, రామగుండం

జవాబు: లూప్ లైన్, అంటే స్టేషన్లో మెయిన్ లైను పక్కన బండి ఆగే లైను, కోసమండీ. ఎదురొచ్చే బండికి దారివ్వాలంటే గూడ్సు రైలు మొత్తం స్టేషన్ లూప్‌లో ఇమడాలి. దాని ప్రామాణిక పొడవు 686 మీటర్లు. పాత బాక్స్ 13.7 మీటర్లు, బాక్స్ఎన్ 10.7. సరుకు మాత్రం దాదాపు అంతే, బాక్స్ఎన్‌లో కాస్త ఎక్కువే. 58 బాక్స్ఎన్‌లు కలిపితే 621 మీటర్లు. ఇంజనూ, బ్రేక్ వ్యానూ కలిపినా లూప్‌లో సరిపోతాయి. అదే చోట పాతవైతే 45 పడతాయి. 58 వ్యాగన్లంటే దాదాపు 3,400 టన్నుల బొగ్గు.

మీ ఊళ్లో ఎన్‌టీపీసీకి వచ్చే బండ్లను గమనిస్తే ఇంకో రకం కనబడుతుంది. అడుగు గరాటులా ఉండే బాబర్ వ్యాగన్లు. వాటి అడుగు తలుపులు గాలి ఒత్తిడితో తెరుచుకుని బొగ్గు కిందికి రాలుతుంది. బాక్స్ఎన్‌ని అలా ఖాళీ చేయలేరు. టిప్లర్ దాన్ని పట్టుకుని అమాంతం తిరగేస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరలేదు.

ప్రశ్న: మన బ్రాడ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1,676 మిల్లీమీటర్లు. హెచ్ఓలో 19.3 రావాలి. కొనే ట్రాక్ 16.5 ఉంటోంది. మార్చుకోవాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ లెక్క సరైనదే. 16.5 అనేది 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కి చేసింది. మార్చాలంటే పట్టాలు, బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే పాయింట్లు, యాక్సిళ్లు అన్నీ చేత్తో చేసుకోవాలి. మొదటి లేఅవుట్‌కి అంత పని పెట్టుకోకండి. పక్క నుంచి చూస్తే తేడా తెలియదు. ఎదురుగా చూసినప్పుడే చక్రాలు కాస్త లోపలికి ఉన్నట్టు కనబడతాయి.