పొద్దున్నే కుంగిపోయే కారు, అరలో దాచిన బిల్లులు

ప్రశ్న: మావారు మూడేళ్ల కిందట ఒక జర్మన్ లగ్జరీ డీజిల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అప్పటికే దానికి పదేళ్లు. కొత్త చిన్న కారు కంటే తక్కువకే వచ్చిందని సంబరపడ్డారు. ఆఫీసు నాలుగు కిలోమీటర్లే, రోజూ అందులోనే వెళ్లొస్తారు. రెండు మూడు నెలలకోసారి షెడ్డుకు వెళ్లాల్సిందే. రాత్రి బాగానే ఉన్న బండి తెల్లారేసరికి ఒక పక్కకి కుంగిపోయి ఉంటుంది. ఎవరూ చూడకముందే లేచి, స్టార్ట్ చేసి, అది పైకి లేచేదాకా పక్కనే నిలబడతారు. మా అమ్మను చెకప్‌కి తీసుకెళ్తుంటే నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఈమధ్య డాష్‌బోర్డు అరలో బిల్లులు దొరికాయి. నాకు చెప్పినదానికి రెట్టింపు ఖర్చయింది, కొంత క్రెడిట్ కార్డు మీద వాయిదాల్లో కడుతున్నారు. అడిగితే ‘ఈసారితో అయిపోయింది’ అంటారు, లేదంటే ‘ఇంత పెట్టాక ఎలా అమ్ముతాం’ అంటారు. మా అన్నయ్య నలుగురిలో ‘కోరి కొరివితో తల గోక్కున్నావు బావా’ అన్నాడు. అప్పటి నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు. నిజం చెప్పాలంటే, బాగా నడిచిన రోజున ఆ కారులో కూర్చుంటే నాకూ హాయిగానే ఉంటుంది. అమ్మేయమని పట్టుబట్టనా?

జవాబు: ఇప్పుడే పట్టుబట్టకండి. ముందు ఆ బిల్లుల సంగతి తేలాలి.

మీవారు చేసింది తప్పే. ఇంటి డబ్బు వాయిదాలకు వెళ్తుంటే ఇంట్లో రెండో మనిషికి తెలియాలి. కానీ మీ అన్నయ్య మాట తర్వాత ఆయన పరిస్థితి ఒకసారి ఊహించుకోండి. షెడ్డు నుంచి వచ్చే ప్రతి కాగితమూ ‘నీకు కొనడం చేతకాలేదు’ అన్నదానికి రుజువైపోయింది. అలాంటి కాగితాన్ని మనిషి దాచే ప్రయత్నమే చేస్తాడు. ఇకపై కారు విషయంలో అన్నయ్యతో చెప్పించాలని చూడకండి. ఆయన మంచికే చెప్పినా మీవారి చెవికి ఎగతాళిగానే వినిపిస్తుంది.

ఇక కారు. ఈ రకం కార్ల దగ్గర చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పదేళ్లు గడిచేసరికి కారు ధర బాగా పడిపోతుంది కానీ దాని స్పేర్ పార్టుల ధర అలా పడదు. కొత్తగా ఉన్నప్పుడు అది ఏ తరగతి కారో, మరమ్మతులు ఆ తరగతి లెక్కలోనే ఉంటాయి. చిన్న కారు ధరకి కొన్నాం కదా, ఖర్చూ చిన్న కారుదే అవుతుందన్న లెక్క అక్కడే తప్పుతుంది. మీవారు మోసపోయి ఉండకపోవచ్చు, ఈ ఖర్చు సంగతి ఆయనకి ముందే ఎవరూ చెప్పి ఉండరు.

ఆ కుంగడం గురించి కొంచెం వివరంగా చెప్తాను. మీరు రాసినదాన్ని బట్టి అది ఎయిర్ సస్పెన్షన్ కారు. స్ప్రింగుల బదులు గాలి నిండిన రబ్బరు బ్యాగులుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు పగుళ్లిచ్చి, రాత్రంతా గాలి మెల్లగా కారిపోతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కంప్రెసర్ మళ్లీ గాలి నింపుతుంది. ఆ పని అప్పుడప్పుడు చేయడానికే దాన్ని తయారుచేశారు. రోజూ ఇలా చేయిస్తే వేడెక్కి అదీ కాలిపోతుంది. బ్యాగు ఒక్కటి మార్చితే పోయేది, చివరికి బ్యాగూ కంప్రెసరూ రెండూ మార్చాల్సి వస్తుంది. పక్కింటివాళ్లు చూడకూడదని ఆయన పొద్దున్నే చేస్తున్న పనే బిల్లు పెంచుతోంది. ఇది మాత్రం ఆయనకి చెప్పండి. దెప్పుతున్నట్టు కాకుండా, ఎవరో చెప్పగా విన్నట్టు చెప్తే చాలు.

ఒక ఆదివారం ఆ బిల్లులన్నీ టేబుల్ మీద పరిచి, ఇద్దరూ కూర్చుని తేదీల ప్రకారం రాయండి. మొత్తం ఎంతన్నది చివర్లో చూసుకోవచ్చు. ముందు ఏ భాగానికి ఎన్నిసార్లు పెట్టారో చూడండి. ప్రతిసారీ వేరే భాగమైతే, అది చాలావరకు పాత యజమాని వదిలేసిన పని అయ్యుంటుంది. కూలెంట్ పైపులు, బుష్‌లు, బ్యాటరీ, గేర్‌బాక్స్ ఆయిల్ లాంటివి ఒక విడత అయిపోతే కొన్నేళ్లు జోలికి రావు. ‘ఈసారితో అయిపోయింది’ అన్న మాటలో అప్పుడు కొంత నిజం ఉన్నట్టే. అలా కాకుండా ఒకే ఫిర్యాదుకు మూడుసార్లు మూడు భాగాలు మార్చి ఉంటే షెడ్డు మార్చాలి. స్కానర్ పెట్టి వచ్చిన కోడ్‌ను బట్టి పార్టు మార్చేసే మెకానిక్‌లు ఉంటారు. ఏ సిగ్నల్ తేడాగా ఉందో కోడ్ చెప్తుంది, కారణం వెతకాల్సింది మెకానికే. ఈ కార్లలో బ్యాటరీ నీరసిస్తే చాలు, సంబంధం లేని నాలుగైదు హెచ్చరికలు ఒకేసారి వెలుగుతాయి. బ్యాటరీ మార్చాక కొత్తది వేశామని కారు కంప్యూటర్లో నమోదు చేయాల్సిన మోడళ్లూ ఉన్నాయి. అది చేయకపోతే ఛార్జింగ్ సరిగా జరగక కొత్త బ్యాటరీ కూడా త్వరగా పోతుంది.

గేర్‌బాక్స్ ఆయిల్ గురించి కూడా అడగండి. ‘జీవితకాలం మార్చక్కర్లేదు’ అని చాలా షెడ్లలో చెప్తారు. ఎన్నో జర్మన్ కార్లకి ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకి, లేదా 8 ఏళ్లకి మార్చమంటుంది.

మీరు గట్టిగా నిలబడాల్సింది మాత్రం ప్రాణం సంగతి దగ్గర. బ్రేకులు, స్టీరింగ్, ఇంజిన్ వేడి, టైర్లు. వీటిలో దేనికైనా లైటు వెలిగితే ‘చూద్దాంలే’ అనే మాట ఉండకూడదు. టైరు గోడ మీద డీఓటీ అన్న అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2316 అంటే 2016లో 23వ వారం తయారైందని అర్థం. పదేళ్లు దాటిన టైరు పైకి ఎంత బాగున్నా తీసేయాల్సిందే. తకాటా అనే కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో లోపం వల్ల ప్రపంచవ్యాప్తంగా కార్లను వెనక్కి పిలిపించి బాగుచేసిన రీకాల్‌లో పేరున్న లగ్జరీ బ్రాండ్ల కార్లు కూడా ఉన్నాయి. ఛాసిస్ నంబరు ఇచ్చి మీ కారు అందులో ఉందో లేదో కనుక్కోండి, ఉంటే ఆ పని ఉచితంగా చేస్తారు. సీటు వేడెక్కకపోయినా, వెనక కర్టెన్ కదలకపోయినా పోనివ్వండి. అన్నీ ఒకేసారి బాగుచేయించాలన్న ఆరాటంతోనే సగం డబ్బు ఖర్చవుతుంది.

మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన నాలుగు కిలోమీటర్ల సంగతి నాకు ముఖ్యంగా కనిపించింది. చాలా డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి, కాస్త వేగంగా, కొంత దూరం నడవాలి. నాలుగు కిలోమీటర్లలో ఇంజిన్ వేడెక్కడమే పూర్తవదు. బ్యాటరీ కూడా సరిగా ఛార్జ్ అవదు. అంటే ఆ కారుకి సరిపడని పని రోజూ చేయిస్తున్నారు. ఆఫీసుకు ఏదైనా చిన్న బండి మీద వెళ్లి, దూర ప్రయాణాలకు దీన్ని తీస్తే బండికీ మంచిది, ఇంటికీ మంచిది. అలాగని నెలల తరబడి కదపకుండా పెట్టినా బ్యాటరీ పడిపోతుంది, వారానికోసారి ఒక మంచి రౌండు వేయాలి.

‘ఇంత పెట్టాక ఎలా అమ్ముతాం’ అన్నదానికి మీరు వాదించి గెలవలేరు. పెట్టింది ఉంచుకున్నా తిరిగి రాదు, అమ్మినా తిరిగి రాదు. ఆయన్ని వేరేగా అడగండి: ‘ఇవాళ ఈ కారే, ఈ కండిషన్‌లోనే, ఈ బిల్లులన్నీ చూశాక ఎవరైనా అమ్ముతామంటే కొంటారా?’ జవాబు ఏదైనా వెంటనే వాదనకి దిగకండి, రెండు రోజులు వదిలేయండి. తర్వాత వచ్చే ఏడాదికి కారు మీద ఎంత పెట్టొచ్చో ఇద్దరూ కలిసి ఒక అంకె రాసుకోండి. ఆ డబ్బు ప్రతి నెలా వేరే ఖాతాలో పడాలి, క్రెడిట్ కార్డు దగ్గరికి పోకూడదు. ఆ అంకె దాటించే బిల్లు వస్తే అమ్మేయాలని ఇప్పుడే అనుకోండి. బండి ఆగిపోయి టోయింగ్ వాడి కోసం ఎదురుచూస్తున్న టెన్షన్‌లో ఎవరూ సరైన నిర్ణయం తీసుకోలేరు. అమ్మేదైతే నడుస్తున్నప్పుడే అమ్మాలి. ఆగిపోయిన లగ్జరీ కారుకి తుక్కు ధర తప్ప రాదు.

మాట ఎలా మొదలుపెట్టాలన్నది మీరే ఉత్తరం చివర్లో రాశారు. ఆ కారులో కూర్చుంటే మీకూ హాయిగా ఉంటుందని ఆయనకి ఎప్పుడైనా చెప్పారా? ముందు అది చెప్పండి. ఆ తర్వాత, ‘బిల్లు ఎంతైనా నాకు చెప్పండి, అన్నయ్య దాకా వెళ్లదు’ అనండి. ఆ మాట మీరు నిలబెట్టుకోవాలి.

మీ అమ్మగారి తర్వాతి చెకప్‌కి ముందురోజే టాక్సీ బుక్ చేసుకోండి. కారు మీద అలిగి కాదని ఆయనతో మామూలుగా చెప్పండి. క్రెడిట్ కార్డు వాయిదాలు ఇంకా ఎన్ని ఉన్నాయో చూపించడానికి కూడా ఆయన ఒప్పుకోకపోతే మళ్లీ రాయండి. అప్పుడు కారు సంగతి పక్కనపెట్టి అప్పు సంగతి మాట్లాడుకుందాం.