పశువుల ఫారం కొంటున్నారు సరే, ఎండాకాలం మేతకు డబ్బేది?

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 41. ప్రైవేటు ఉద్యోగం, 78 వేలు చేతికొస్తాయి. భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ. ఇంటి ఖర్చు 55 వేలు. మానుకోట (మహబూబాబాద్) వైపు నడుస్తున్న పశువుల ఫారం అమ్మకానికి ఉంటే దసరాకు చూసొచ్చాను. 20 ఎకరాల చెలక (వాన మీద ఆధారపడే మెట్ట నేల), 36 బర్రెలు (పెద్దవి 30). భూమిని మడులుగా విడగొట్టి, మూడు నాలుగు రోజులకోసారి మందను మార్చి మేపుతున్నారు. దానివల్ల నేల బాగుపడుతుందని, మేత ఖర్చు ఉండదని చెప్పారు. 20 బర్రెలు పాలిస్తున్నాయి. రోజుకు 180 లీటర్లు, లీటరు 55 రూపాయలు, నెలకు 2 లక్షలు మిగులుతుందన్నారు. భూమి 2.20 కోట్లు, పశువులు 30 లక్షలు. ప్లాటు అమ్మితే 1.40 కోట్లు, పీఎఫ్ 22 లక్షలు, బంగారం మీద 28 లక్షలు, బ్యాంకు అప్పు 40 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 20 లక్షలు వస్తాయి. ఉద్యోగం మానేసి దిగొచ్చా?

జవాబు: ఇప్పుడు దిగొద్దు. పాడి అయినా, గొర్రెలయినా, కోళ్లయినా, ఫారం కొనేవాళ్లలో చాలామంది చేసే తప్పు మీ లెక్కలోనే ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఉన్నదీ, అప్పు తెచ్చేదీ మొత్తం కొనుగోలుకే పోస్తున్నారు. మీ అయిదు పద్దులు కూడితే సరిగ్గా 2.50 కోట్లు. రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం చొప్పున 16.5 లక్షలు అందులో లేనే లేవు. పీఎఫ్ కూడా రాజీనామా చేసిన మర్నాడే మొత్తం చేతికి రాదు.

అసలు చిక్కు ఎండాకాలంలో ఉంది. మన దగ్గర బర్రెలు ఎక్కువగా ఆగస్టు నుంచి నవంబరు లోపు ఈనుతాయి. దసరాకు చూస్తే మంద పాల మీద ఉంటుంది, గడ్డి పచ్చగా ఉంటుంది. మే నెలకు సగం వట్టిపోతాయి. పన్నెండు బర్రెలు ఏడేసి లీటర్లు ఇచ్చాయనుకున్నా 84 లీటర్లు, నెలకు లక్షా 38 వేలు. మడులు మార్చి మేపడం మంచి పద్ధతే. వానాకాలంలో ఒక్కో మడికి 25, 30 రోజుల విశ్రాంతి దొరికితే గడ్డి మళ్లీ లేస్తుంది. కానీ నీటి వసతి లేని చెలకలో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఎంత విశ్రాంతి ఇచ్చినా గడ్డి లేవదు. ఆ నేల 30 పెద్ద పశువులను ఏడాదంతా మోయలేదు. మడుల్లో పశువులు ముట్టని వయ్యారిభామ, తంగేడు పొదలే మిగిలి ఉంటే, మోయలేక ఇప్పటికే దెబ్బతిందని అర్థం.

కాబట్టి ఎండాకాలంలో కొనే మేపాలి. పశువుకు రోజుకు 6 కిలోల వరిగడ్డి, 15 కిలోల పచ్చిమేత, 3 కిలోల దాణా అంటే 180 రూపాయలకు తగ్గదు. 30 పశువులకు నెలకు లక్షా 62 వేలు. రెండు కుటుంబాల పనివాళ్లకు 50 వేలు. బ్యాంకు కిస్తు పదేళ్లకు 10.5 శాతంతో 54 వేలు, బంగారం వడ్డీ 23 వేలు, చేబదులు వడ్డీ 40 వేలు. పాల డబ్బు పోగా నెలకు లక్షా 90 వేల లోటు. ఇంటి ఖర్చు ఇంకా కలపలేదు, జీతం ఆగిపోయి ఉంటుంది. అప్పుడు ఏం చేస్తారు? చూడి బర్రెలను అంగడికి తోలి సగం ధరకు అమ్ముతారు. ఫారాలు మునిగేది ఇలాగే.

మేత, కూలీ, ఇల్లు కలిపి నెలకు 2.67 లక్షలు. ఆరు నెలలకు 16 లక్షలు. ఈ సొమ్ము ఎఫ్‌డీలో విడిగా కనబడేదాకా ఏ ఫారమూ కొనొద్దు. అప్పు తెచ్చి పెట్టింది అత్యవసర నిధి కిందికి రాదు.

నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. పాల వ్యాపారంలో ఆ వడ్డీ తేరదు. ఆ 20 లక్షల మాట ఈరోజే మరిచిపోండి. ఇంట్లో బంగారం కుదువ పెట్టి గొడ్లు కొనడం కూడా వద్దు.

పశువుల బీమా రెండో విషయం. అమ్మేవాళ్ల పాలసీ దానంతటదే మీ పేరు మీదికి రాదు. చెవి ట్యాగు ఊడిపోతే క్లెయిమ్ రాదు. కొత్త పాలసీలో మొదటి 15 రోజుల్లో జబ్బుతో చనిపోతే సాధారణంగా డబ్బు ఇవ్వరు. పశువులు కొత్త చోటికి మారి జబ్బు పడేది ఆ రోజుల్లోనే. గాలికుంటు, గొంతువాపు టీకాలు వేశారో లేదో చూసి, బ్రూసెల్లోసిస్ (చూడి పశువులు ఈసుకుపోయే అంటుజబ్బు) పరీక్ష చేయించి, ఆ తర్వాతే ధర మాట్లాడాలి. ఉద్యోగం మానేస్తే కంపెనీ ఆరోగ్య బీమా పోతుంది. అప్పుకు సరిపడా టర్మ్ పాలసీ కూడా ఉండాలి.

ఎకరం 11 లక్షలకే ఎందుకు వస్తోందో అడిగారా? కొత్తగూడ, గంగారం లాంటి ఏజెన్సీ మండలాల్లో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి రిజిస్టర్ కాదు, అమ్మేది గిరిజనేతరుడే అయినా సరే. మైదాన ప్రాంతమైతే 20 ఎకరాల్లో బంచరాయి (ఊరి పశువుల మేత భూమి), శిఖం (చెరువు భూమి), అసైన్డ్ (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి) ముక్కలు కలిశాయేమో ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో సర్వే నంబరు వారీగా చూడండి. అసైన్డ్ భూమి కొన్నా మీది కాదు.

పాల ఆదాయం వ్యవసాయ ఆదాయం కాదు, పన్ను పడుతుంది. పశుపోషణకు కిసాన్ క్రెడిట్ కార్డు 2 లక్షల వరకు, సకాలంలో కడితే 4 శాతానికే వస్తుంది.

పాడి మీద నిజంగా ఆసక్తి ఉంటే ప్లాటు, ఉద్యోగం ఉంచుకుని, బోరున్న మూడు నాలుగు ఎకరాలు కౌలుకు తీసుకుని ఆరు బర్రెలతో మొదలుపెట్టి ఒక ఎండాకాలం దాటండి. ఈ ఫారమే కావాలనుకుంటే టోకెన్ ఇవ్వకుండా ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లండి. వరుసగా మూడు రోజులు, రెండు పూటలా మీ ముందే పిండించి కొలవండి. ఒక్కరోజే చూస్తే, ముందు పూట పిండకుండా ఆపి పాలు ఎక్కువగా చూపించే వీలుంటుంది.