అలంపురం జోగులాంబ గుడి కొత్తగా కనిపిస్తుంటే, దానిని ప్రాచీన క్షేత్రమని ఎందుకు అంటారు?

కట్టడం కొత్తదే కాని క్షేత్రం, అమ్మవారి ఆరాధన చాలా పాతవి. తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో, తుంగభద్ర ఒడ్డున ఉన్న అలంపురంలో సతీదేవి పైదంతాలు పడ్డాయని భక్తుల నమ్మకం. అష్టాదశ శక్తిపీఠ స్తోత్రంలో ‘అలంపురే జోగులాంబా’ అని ఉన్నది ఈ తల్లి గురించే. 14వ శతాబ్దంలో బహమనీ సుల్తానుల దాడిలో మూలాలయం ధ్వంసమైందని, అప్పుడు అమ్మవారి మూర్తిని పక్కనే ఉన్న బాలబ్రహ్మేశ్వరాలయంలో దాచారని స్థానికంగా చెబుతారు. శతాబ్దాల పాటు పూజలు అక్కడే సాగాయి. ఇప్పుడు మనం చూసే ఆలయాన్ని పాత స్థలంలోనే పునర్నిర్మించి, 2005లో అమ్మవారిని మళ్లీ ప్రతిష్ఠించారు.

ప్రేతాసనం మీద, అంటే శవాన్నే ఆసనంగా చేసుకుని కూర్చున్న ఉగ్రమూర్తి ఈమె; జటాజూటంలో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం కనిపిస్తాయి. ఆ ఉగ్రతను చల్లబరచడానికే గర్భాలయం చుట్టూ నీటిగుండం ఉంచారని అంటారు.

క్షేత్రం ప్రాచీనతను కళ్లారా చూడాలంటే మాత్రం, బాదామి చాళుక్యులు 7వ శతాబ్దం నుంచి కట్టించిన నవబ్రహ్మ ఆలయాలను తీరిగ్గా చూడాలి. పేరులో బ్రహ్మ ఉన్నా ఆ తొమ్మిదీ శివాలయాలే. వాటిలో ఒకటైన స్వర్గబ్రహ్మాలయం గోడల మీది శిల్పాలను చూడకుండా, అమ్మవారి దర్శనంతోనే తిరిగి వెళ్లిపోవడం నిజంగా లోటే.