ఎన్నారై సందేహాలు: ఇంటికి తిరిగి వెళ్లాక ఇల్లే కొత్తగా తోస్తే

అమెరికా వచ్చి ఇంకా నిలదొక్కుకుంటున్న పిల్లలు వీసా గురించి, అద్దె ఇంటి గురించి, కారు బీమా గురించి అడుగుతారు గానీ, తిరిగి వెళ్లడం గురించి అడిగేవారు తక్కువ. అందుకే చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు వేసిన ప్రశ్న నాకు నచ్చింది. "అన్నయ్యా, ఇక్కడికి వచ్చిన కొత్తలో పడిన ఇబ్బంది కన్నా ఊరికి తిరిగి వెళ్లినప్పుడు పడే ఇబ్బందే ఎక్కువని సీనియర్లు అంటున్నారు. సొంత ఊళ్లో ఇబ్బందేమిటి? ఒకవేళ నిజమే అయితే ఇప్పటి నుంచే చేయగలిగినది ఏమైనా ఉందా?" అని ఆయన అడిగారు. నిజమే, ఉంది, ఇప్పటి నుంచే ఉంది.

ఈ ఇబ్బందిని చదువుకున్నవారు ఎప్పుడో గమనించారు. 1955లో లైస్‌గార్డ్ అనే నార్వే పరిశోధకుడు, అమెరికా వెళ్లి చదువుకుని వచ్చిన తన దేశస్థుల అనుభవాలను పరిశీలించి, పరాయి దేశంలో మనిషి ఉత్సాహంగా మొదలుపెట్టి, కొన్నాళ్లకు కుంగిపోయి, ఆ తరువాత మెల్లగా తేరుకుంటాడని చెప్పాడు. 1963లో గల్లాహార్న్ దంపతులు దానికి రెండో భాగం చేర్చి, ఇంటికి తిరిగి వచ్చాక కూడా ఆ కుంగుబాటు, ఆ తేరుకోవడం మరొకసారి జరుగుతాయని వివరించారు. అందరి విషయంలోనూ ఇది ఇదే వరుసలో జరగదని తరువాతి పరిశోధకులు అన్నారు కాబట్టి, మూడో నెల వచ్చిందంటే దిగులు పడి తీరాలని క్యాలెండరులో గుర్తు పెట్టుకోనక్కరలేదు. అయితే నేను చూసినంతలో, విదేశానికి బయలుదేరేవాడు అక్కడ అంతా కొత్తగా ఉంటుందని మనసు గట్టి చేసుకుని వెళతాడు. ఇంటికి బయలుదేరేవాడికి అలాంటి ఆలోచనే రాదు. దెబ్బ గట్టిగా తగలడానికి అది చాలు.

మన వైపు వారికి తిరిగి రావడం కొత్త సంగతి కాదు. పూర్వం కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల్లో ఓడ ఎక్కి బర్మాలోని రంగూనుకు వెళ్లిన కుటుంబాలు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేసిన తరువాత కొందరు, 1962లో అక్కడ సైనిక పాలన వచ్చిన తరువాత మరికొందరు తిరిగి వచ్చారు. వారిలో చాలామంది పుట్టిన పల్లెలకు చేరకుండా, విశాఖపట్నంలో నేటికీ బర్మా క్యాంపు అని పిలిచే చోట స్థిరపడ్డారు. బర్మాలో ఆస్తి పోగొట్టుకుని వచ్చినవారికి ఉపాధి పట్నంలోనే దొరుకుతుందన్న కారణం ఉండనే ఉంది. దానితో పాటు, తాతల నాటి పల్లెలో తమకు చోటు మిగలలేదన్న బాధ కూడా ఉండి ఉంటుందని నా ఊహ.

మీ చోటు కూడా మిగలదు. అందులో ఎవరి తప్పూ లేదు, మీరు వెళ్లిపోయినంత మాత్రాన మీరు చేసే పనులు ఆగవు కాబట్టి వాటిని ఇంకొకరు అందుకుంటారు. నాన్నగారిని నెలనెలా ఆసుపత్రికి తిప్పేది ఇప్పుడు చిన్నాన్న కొడుకు. కౌలు డబ్బులు వసూలు చేసేది బావగారు. మీరు పడుకున్న గదిలో ధాన్యం బస్తాలు ఉంటాయి. ఊరు కూడా అంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో చూడనివాడు, గల్ఫ్ నుంచి కవిటికో సోంపేటకో తిరిగి వస్తే తన తోట గట్టు మీద నిలబడి ఇది ఎవరిదని అడగవలసి వస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను మార్చినప్పుడు రాజాం విజయనగరంలోకి, పాలకొండ కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి కాబట్టి, అక్కడ పుట్టినవాడు శ్రీకాకుళం జిల్లా నుంచి బయలుదేరి వేరే జిల్లాకు తిరిగి వస్తాడు. 2019 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాక, ఏ కాగితానికి ఎవరిని అడగాలన్నది కూడా మారింది. తలలో ఉన్న ఊరు ఒకటి, బస్సు దిగిన ఊరు ఒకటి అయినప్పుడు, పాత చోటు కోసం వెతికినకొద్దీ మనసు విరుగుతుంది. లేనప్పుడు ఏం జరిగిందో ముందు తెలుసుకుని, ఆ తరువాత కొత్త చోటు అడిగి తీసుకోవడమే మార్గం.

తెలుసుకోవడానికి మన దగ్గర ఒక మంచి పద్ధతి ఉంది, దానిని తిరిగి వెళ్లినవారు తరచుగా మరచిపోతారు. మొదటి వారంలో చాక్లెట్లు, సెంటు సీసాలు పంచడం కన్నా ముందు పలకరింపులు పూర్తి చేయండి. మీరు లేనప్పుడు ఏయే ఇళ్లలో మనిషి పోయారో అమ్మగారిని అడిగి రాసుకుని, మిఠాయి డబ్బాలు పట్టుకోకుండా ఒక్కొక్క ఇంటికి వెళ్లి కూర్చోండి. ఫోనులో ఒకసారి సంతాపం చెప్పాను కదా అనుకోకండి, ఫోను లెక్కలోకి రాదు. నాన్నగారి అనారోగ్యం వల్ల కొన్ని నెలల పాటు నేను ఊళ్లో ఉండవలసి వచ్చినప్పుడు, మాకు పెదనాన్న వరుస అయ్యే ఒకాయన ఇంటికి ముందుగా వెళ్లాను. పెద్దమ్మ పోయి అప్పటికే రెండో సంవత్సరీకం కూడా దాటింది. ఆయన అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టి, ఆవిడకు జ్వరం వచ్చిన రాత్రి దగ్గర మొదలుపెట్టారు. 108కి ఫోను చేసిన సంగతి, విజయనగరంలో చూపిస్తే విశాఖ తీసుకుపొమ్మన్న సంగతి, ఆనందపురం దాటాక ఆవిడ మంచినీళ్లు అడిగిన సంగతి, అన్నీ నిన్న జరిగినట్టు చెప్పుకొచ్చారు. మధ్యలో కోడలు టీ తెచ్చి, "ఎన్నిసార్లు సెప్తావు మావా" అంటే, ఆయన "ఈడికి నానింకా సెప్పనేదు కదమ్మా" అన్నారు. ఆ కథ ముగిశాక గొంతు మారింది. చెరువు గట్టు దారి తగాదా ఎలా తెగిందో, ఎవరి బోరు ఎండిందో, ఎవరి కొడుకు హైదరాబాదులో పని మానేసి వచ్చాడో, ఊళ్లో ఉన్నవాడితో మాట్లాడినట్టు నాతో మాట్లాడారు. అంతకు ముందు రెండు రోజుల పాటు అందరూ నాతో విమానం టికెట్టు ధర గురించి మాత్రమే మాట్లాడారు.

రెండో పని దీనికన్నా కష్టం. మీ పనులు అందుకున్నవారి చేతుల్లోంచి వాటిని లాక్కోకూడదు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్‌కు వెళ్లినవారి ఇళ్లలో ఇది బాగా కనబడుతుంది. ఆయన అక్కడ కార్మికుల క్యాంపులో ఉండి డబ్బు పంపుతుంటే, ఇక్కడ ఆవిడ డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని తీర్చి, పిల్లల ఫీజులు కట్టి, మేస్త్రీతో బేరమాడి స్లాబు ఇల్లు వేయించి, అత్తగారికి కంటి ఆపరేషను చేయించి ఉంటుంది. ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే అక్కడి ఉద్యోగం ముగించుకుని శాశ్వతంగా వచ్చి, చుట్టాల రాకపోకలు తగ్గిన రెండో వారంలో, భోజనం చేస్తూ, "స్లాబుకు సిమెంటు ఎన్ని బస్తాలు పట్టింది?" అని అడుగుతారు. ఆయన దృష్టిలో అది మాటవరసకు వేసిన ప్రశ్న. అన్నేళ్లు ఒంటరిగా ఇంటిని మోసిన మనిషికి అది తనిఖీ. ఆ రాత్రి మొదలైన మౌనం నెలల తరబడి సాగిన ఇళ్లు నాకు తెలుసు, తప్పు సిమెంటుది కాదు. లెక్కలు అడగవద్దని నేను చెప్పను. మొదటి మూడు నెలలు మాత్రం అడగవద్దనే చెబుతాను. దాని బదులు, ఈ ఇంట్లో నేను చేయగలిగిన పని ఏదో చెప్పమని ఆవిడనే అడగండి. పిల్లలను బడికి దింపడమో, కరెంటు బిల్లు చూసుకోవడమో ఆవిడ చెబుతుంది, అక్కడి నుంచి మీ చోటు మొదలవుతుంది.

క్యాంపులో చీకటితో లేచి బస్సు ఎక్కి రోజంతా పని చేసిన శరీరానికి ఖాళీ అన్నిటికన్నా పెద్ద శత్రువు. ఊళ్లో కూలీ రేటు వింటే చిన్నతనంగా తోచవచ్చు, అయినా ఏదో ఒక పనికి వేళకు బయలుదేరే అలవాటును వదలకండి. ఇంటి నుంచే కంపెనీ పని చేసుకునేవారికి మరో చిక్కు ఉంది. వారు రాత్రంతా మేలుకుని పగలు పడుకుంటే, ఊరు వారిని ఉద్యోగం పోయినవారి కింద జమ కడుతుంది. పని వేళలు ఫలానా అని నాన్నగారికి ఒకసారి వివరంగా చెబితే ఊరికి ఆయనే చెప్పుకుంటారు. ఇలా ఏడాది గడిపి, ఒక పంట చూసి, అప్పటికీ కుదరకపోతే మళ్లీ విదేశం వెళ్లడంలో నామోషీ ఏమీ లేదు. మూడో వారంలోనే ఏజెంటుకు ఫోను చేయడం మాత్రం తొందరపాటు.

ఇక ఇప్పటి నుంచే చేయగలిగినది. ఆదివారం వీడియో కాల్‌లో తిన్నారా, మందులు వేసుకున్నారా అనే రెండు మాటలతో సరిపెట్టకుండా, ఊరికి సంబంధించిన ఒక చిన్న పనిని మీ బాధ్యతగా తీసుకోండి. మన ఇళ్లలో పెళ్లికి ఎవరెవరు ఎంత చదివించారో రాసిన నోటుపుస్తకం ఉంటుంది కదా, దానిని చూసి తిరిగి చదివించే పని మంచిది. చుట్టాలింట శుభకార్యం వచ్చినప్పుడల్లా ఆ పేజీ చదివించుకుని వినండి. ఆ పేరు ఎవరిది, ఏ వరుస, వారి పిల్లలు ఏం చేస్తున్నారు అన్న కబురు దాని వెంటే వస్తుంది. డబ్బు నాన్నగారి పేరు మీదే వెళ్లాలి, ఎక్కువా వెళ్లకూడదు. వారు 516 చదివించి ఉంటే మీరు 1,116 చదివించండి; డాలరు లెక్కన పది వేలు పంపితే, రేపు మీ ఇంటి పెళ్లికి అంత తిరిగి ఇవ్వలేక వాళ్లు రావడమే మానేస్తారు.

చిన్న సంగతులు త్వరగా చెబుతాను. ఇక్కడ ఉన్నన్నాళ్లూ మీ ఇండియా ఫోను నంబరుకు రీచార్జి ఆపకండి, ఆ నంబరు మరొకరికి వెళ్లిపోతే బ్యాంకు ఓటీపీలు, ఫోన్‌పే రెండూ పోతాయి. అరటిపళ్ల బండి దగ్గర రెండు వందల నోటు చాపితే "సిల్లర నేదు బావూ, పోను కొట్టండి" అంటారు. జీతం ఎంతని అడిగితే చిరాకు పడకుండా, ఇల్లు గడిచి కొంత మిగులుతుందని చెప్పండి, అడిగినవారు అక్కడితో వదిలేస్తారు. ఎన్నాళ్లు సెలవు అన్న ప్రశ్నకు మాత్రం ఇంట్లో అందరూ ఒకే జవాబు చెప్పాలి, లేకపోతే భోగాపురం విమానాశ్రయం దగ్గర స్థలాలు చూపించేవారు అమ్మగారిని ఒకలా, మిమ్మల్ని ఒకలా పట్టుకుంటారు. అక్కడైతే ఇలా ఉండదు అనే మాటను మొదటి నెలలో నోటికి రానివ్వకండి.

పిల్లల సంగతి వేరు. మనం తిరిగి వెళుతున్నాం, వారు మొదటిసారి వలస వెళుతున్నారు, అందుచేత ఇక్కడికి వచ్చిన కొత్తలో మనకు ఎంత ఓపిక అవసరమైందో వారికీ అంత ఇవ్వాలి. శనాదివారాల తెలుగు బడిలో చక్కగా చదివిన పిల్ల కూడా "ఏటి సేస్తన్నావే గుంటా" అని నాయనమ్మ అడిగితే బిక్కమొహం వేస్తుంది. దానికి మందు నాయనమ్మే. సాయంత్రం ఇద్దరినీ చోడి (రాగి) పిండి జల్లెడ దగ్గర కూర్చోబెడితే నెల తిరిగేసరికి పిల్ల యాస పట్టుకుంటుంది, మీరు మధ్యలో అనువాదానికి వెళ్లకుండా ఉంటే చాలు.

కాగితాలు ముందే చూసుకుంటే సగం భయం తగ్గుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవారు ఏడాదికి మించి బయట ఉండదలచుకుంటే, అమెరికాలో ఉండగానే రీ-ఎంట్రీ పర్మిటుకు దరఖాస్తు చేసుకోవాలి. అది సాధారణంగా రెండేళ్లకు ఇస్తారు. శాశ్వతంగా వచ్చేసినవారు ప్రవాసులకు ఇచ్చే ఎన్‌ఆర్‌ఈ ఖాతాను రెసిడెంటు ఖాతాగానో, తిరిగి వచ్చినవారు విదేశీ డబ్బు దాచుకునే ఆర్‌ఎఫ్‌సీ ఖాతాగానో మార్పించుకోవాలి. గడిచిన పదేళ్లలో తొమ్మిదేళ్లు ప్రవాసిగా ఉన్నవారికి, లేదా గడిచిన ఏడేళ్లలో మొత్తం 729 రోజులకు మించి దేశంలో లేనివారికి, విదేశీ ఆదాయం మీద పన్ను విషయంలో కొంతకాలం వెసులుబాటు ఉంటుంది కాబట్టి, బయలుదేరే తేదీ నిర్ణయించే ముందే ఆడిటరును కలవండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు మీద ఎన్నాళ్లైనా ఉండవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి మాత్రం కొనలేరు, వారసత్వంగా వచ్చినది ఉంచుకోవచ్చు. నాన్నగారి పొలం పక్కన అరెకరం కొనాలని కలలు కనేవారు పౌరసత్వ దరఖాస్తు నింపే ముందు ఆ కల సంగతి తేల్చుకోవడం మేలు.

చివరిగా ఎప్పుడు వెళ్లాలన్నది. అందరూ సంక్రాంతికి వెళ్లమంటారు, నేను వద్దంటాను. భోగి నాటికి హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి, గల్ఫ్ నుంచి వచ్చినవారితో ఊరు నిండిపోతుంది. ముక్కనుమ దాటగానే బస్సులన్నీ తిరిగి వెళ్లిపోతాయి, మిగిలినవారికి ఇల్లు బోసిపోతుంది. శాశ్వతంగా వచ్చేవారు ఆ హడావుడి సద్దుమణిగాక జనవరి చివరిలోనో, లేకపోతే వరి ఉభాలు, అంటే నాట్లు, జరిగే రోజుల్లోనో వస్తే, ఊరు తన మామూలు పనిలో ఉండగా చూస్తారు. పిల్లలుంటే జూన్‌లో బడులు తెరిచేలోగా చేరాలి. రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు, కానీ పెద్ద పెట్టెలు నాలుగైదు ఉంటే విమానాశ్రయం నుంచి బండి మాట్లాడుకోవడమే నయం. ఆ బండి మాట్లాడే పనిని మీరు ఆన్‌లైన్‌లో చేసేయకుండా, ఇన్నాళ్లూ నాన్నగారిని ఆసుపత్రికి తిప్పిన చిన్నాన్న కొడుక్కే అప్పజెప్పండి.