బొమ్మ కాగితం దాటిపోతోంది: లేటెక్ పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా పరిశోధన వ్యాసాన్ని, లేటెక్ ఆదేశాలతో రాసిన పాఠ్యాన్ని నేరుగా పీడీఎఫ్‌గా కూర్చే పీడీఎఫ్‌లేటెక్‌తో తయారుచేసుకుంటున్నాను. 1200 పిక్సెళ్ల వెడల్పున్న పీఎన్‌జీ బొమ్మను చేరిస్తే అది కుడి అంచు దాటి కాగితం బయటికి పోయింది. పాత ఈపీఎస్ గ్రాఫు ఒకటి నా కంప్యూటర్‌లో చక్కగా వస్తోంది కానీ, మా విభాగంలోని పాత కంప్యూటర్ మాత్రం ఆ రకం ఫైలు తనకు తెలియదంటోంది. అసలు బొమ్మలను ఏ రకం ఫైళ్లుగా ఉంచుకోవాలి?

జవాబు: లేటెక్‌కు ఆధారమై పుటను కూర్చే టెక్ ప్రోగ్రాం దృష్టిలో బొమ్మ అంటే ఎత్తు, వెడల్పు ఉన్న ఒక పెట్టె మాత్రమే. అక్షరానికి చోటు కేటాయించినట్టే దానికీ చోటు కేటాయిస్తుంది తప్ప, లోపల ఏముందో చూడదు. అందువల్ల ఆ పెట్టె కొలతలు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది ముందుగా తెలుసుకోవాలి. పీఎన్‌జీ ఫైలులో పిక్సెళ్ల సంఖ్య తప్పక ఉంటుంది కానీ, అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్న సమాచారం ఒక్కోసారి ఉండదు. అది లేనప్పుడు పీడీఎఫ్‌లేటెక్ అంగుళానికి 72 అని అనుకుంటుంది. ఆ లెక్కన మీ 1200 పిక్సెళ్లు 16 అంగుళాలు దాటి, దాదాపు 42 సెంటీమీటర్లవుతాయి. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లే కనుక బొమ్మ బయటికి పోవడంలో ఆశ్చర్యం లేదు.

గ్రాఫిక్స్‌ఎక్స్ ప్యాకేజీలోని (ప్యాకేజీ అంటే లేటెక్‌కు అదనపు ఆదేశాలనిచ్చే ఫైళ్ల కట్ట) బొమ్మను చేర్చే ఇన్‌క్లూడ్‌గ్రాఫిక్స్ ఆదేశానికి వెడల్పు ఎంతో మీరే చెప్పండి. సెంటీమీటర్లలో కాకుండా లైన్‌విడ్త్‌లో, అంటే వరుస వెడల్పులో, 0.8 వంతు అని రాస్తే, రేపు వ్యాసాన్ని రెండు కాలమ్‌లలోకి మార్చినా బొమ్మ దానంతటదే కాలమ్‌లో ఇముడుతుంది. ఎత్తు రాయకండి, వెడల్పును బట్టి అదే సరిపడా వస్తుంది. రెండూ రాయక తప్పకపోతే కీప్‌యాస్పెక్ట్‌రేషియో అన్న మాటను కూడా చేర్చండి, లేకపోతే గుండ్రని వలయం కోడిగుడ్డులా సాగిపోతుంది. అయితే, కొలత పెంచినంత మాత్రాన బొమ్మలో స్పష్టత పెరగదు. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున అచ్చు వేస్తే మీ బొమ్మ 4 అంగుళాలకు, అంటే సుమారు 10 సెంటీమీటర్లకు సరిపోతుంది; దాన్నే 16 సెంటీమీటర్లకు సాగదీస్తే అంగుళానికి 190 పిక్సెళ్లే మిగిలి, అందులోని చిన్న అక్షరాలు మసకబారతాయి.

ఇక ఫైలు రకాల సంగతి. ఫొటోలకు జేపీజీ, కంప్యూటర్ తెర చిత్రాలకు పీఎన్‌జీ, గ్రాఫులకూ గీతల బొమ్మలకూ పీడీఎఫ్ తగినవి. గ్రాఫును జేపీజీగా దాచుకున్నవారు ఒక్కసారి దాన్ని తెరమీద నాలుగింతలు పెద్దది చేసి చూడండి: సన్నని నల్లగీతకు రెండువైపులా బూడిదరంగు మచ్చలు కనిపిస్తాయి. అదే గ్రాఫు, గీసిన సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా పీడీఎఫ్‌గా వస్తే, ఎంత పెద్దది చేసినా గీత గీతగానే ఉంటుంది. నెలల తరబడి కష్టపడి సేకరించిన ఫలితాలను మసక బొమ్మలో చూపించడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఈపీఎస్ అనేది, అచ్చుకు ముందు తయారయ్యే డీవీఐ, పోస్ట్‌స్క్రిప్ట్ అనే ఫైళ్ల మీదుగా సాగే పాత పద్ధతికి చెందినది. పీడీఎఫ్‌లేటెక్ దాన్ని నేరుగా తీసుకోదు. లేటెక్ సాఫ్ట్‌వేర్ సంకలనమైన టెక్ లైవ్‌లో 2010 విడుదల నుంచి మాత్రం ఈపీఎస్‌ను తెరవెనుక పీడీఎఫ్‌గా మార్చుకునే ఏర్పాటు ఉంది. పాత కంప్యూటర్‌లో అది లేకపోయి ఉండవచ్చు. ఈపీఎస్‌టూపీడీఎఫ్ అనే పరికరంతో ఒకసారి మార్చుకుని ఆ పీడీఎఫ్‌నే ఉంచుకుంటే ఈ తేడా ఉండదు. పాత పద్ధతిలో పీఎన్‌జీ పెట్టినవారికి బౌండింగ్‌బాక్స్ (బొమ్మ పెట్టె హద్దులు) లేదన్న ఫిర్యాదు ఎదురవుతుంది. ఈపీఎస్‌ను మామూలు ఎడిటర్‌లో తెరిచి చూస్తే, సాధారణంగా మొదటి వరుసల్లోనే బౌండింగ్‌బాక్స్ అన్న మాట, పక్కనే నాలుగు సంఖ్యలు కనిపిస్తాయి. అవి అంగుళంలో 72వ వంతు కొలతలో పెట్టె మూలలను చెబుతాయి. పీఎన్‌జీలో అటువంటి వరుస ఉండదు.

ప్రశ్న: ఒక పేరా కింద పెట్టిన బొమ్మ తర్వాతి పేజీకి వెళ్లిపోతోంది. దాన్ని అక్కడే నిలపడం ఎలా?

జవాబు: ఫిగర్ పరిసరంలో (ఫిగర్ అన్న ఆదేశాలతో మొదలై ముగిసే భాగంలో) ఉంచిన బొమ్మ తేలియాడేది. పేజీలో మిగిలిన చోటు చాలనప్పుడు లేటెక్, కింద తెల్లగా వదిలేయకుండా, తర్వాతి వాక్యాలను పైకి తెచ్చి బొమ్మను ముందుకు పంపుతుంది. ఫ్లోట్ ప్యాకేజీలోని పెద్ద హెచ్ అక్షరంతో కట్టిపడేయవచ్చు కానీ, నేను దాన్ని సిఫారసు చేయను. పేజీల అడుగున పెద్ద పెద్ద ఖాళీలు మిగులుతాయి. "కింది బొమ్మలో" అని రాయడం మానేసి, బొమ్మకు గుర్తు పెట్టే లేబుల్, ఆ గుర్తుతో సంఖ్యను తెచ్చే రెఫ్ ఆదేశాలతో బొమ్మ సంఖ్యను ప్రస్తావించండి. లేబుల్ తప్పనిసరిగా క్యాప్షన్ తర్వాతే రావాలి. ముందు రాస్తే బొమ్మ సంఖ్యకు బదులు సెక్షన్ సంఖ్య పడుతుంది.

ప్రశ్న: విండోస్‌లో వచ్చిన బొమ్మ లినక్స్‌లో ఎందుకు దొరకడం లేదు?

జవాబు: లినక్స్ పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాలను వేరువేరుగా చూస్తుంది. ఫైలు పేరులోనూ ఆదేశంలోనూ, చివరి మూడక్షరాలతో సహా, అన్నీ చిన్న అక్షరాలే వాడండి. పేరు మధ్యలో ఖాళీలు వదలకండి.